అర్ధరాత్రి ఆకలికి... ఏ టాకో కొట్టు?

సెకండ్‌ షో వదిలారు. నైట్‌షిఫ్టు ముగిసింది. విమానం ఆలస్యంగా దిగింది. కారణం ఏదైతేనేం... కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. హోటళ్లేమో షట్టర్లు దించేశాయి. అలాంటి వేళ మెక్సికో సిటీలోనో, లాస్‌ ఏంజెలెస్‌లోనో ఉన్నవాళ్ల కాళ్లు వాటంతటవే ఓ టాకో కొట్టు వైపు నడుస్తాయి. చాలాచోట్ల కూర్చోవడానికి కుర్చీ ఉండదు. వెయిటరు అసలే ఉండడు. అయినా రెండు నిమిషాల్లో చేతిలో వేడివేడి టాకో! కాకపోతే వీధికి నాలుగు కొట్లుంటే ఎక్కడ ఆగాలి? ఏది తింటే రుచి, ఏది తింటే తెల్లారి కడుపునొప్పి? అదెలా కనిపెట్టాలో అక్కడివాళ్లకి బాగా తెలుసు.

మెక్సికో సిటీలో నార్వార్తె అనే పేట ఉంది. అక్కడి ‘ఎల్‌ విల్సీతో’కి పగటిపూట వెళ్తే మెకానిక్‌ షెడ్డు కనిపిస్తుంది. బానెట్లు ఎత్తిన కార్లు, నూనె మరకలు, స్పానర్ల చప్పుడు. రాత్రయిందంటే ఆ ఆవరణ రూపమే మారిపోతుంది. మంట ముందు మాంసం తిరుగుతూ ఉంటుంది. దాని చుట్టూ జనం. టాక్సీ డ్రైవర్లూ, సూటు వేసుకున్న ఉద్యోగులూ, పార్టీ నుంచి వస్తున్న కుర్రకారూ... అందరూ ప్లేటు చేత్తో పట్టుకుని నిలబడే తింటారు. ఈ కొట్టు ఇంటర్నెట్‌లో వచ్చే ఆహార కార్యక్రమాల్లోనూ కనిపించింది.

టాకో అంటే పెద్ద బ్రహ్మపదార్థమేమీ కాదు. అరచేతిలో పట్టేంత మొక్కజొన్న రొట్టె. దాన్ని ‘టోర్టియా’ అంటారు. అందులో వేడి మాంసమో కూరో పెట్టి, ఉల్లి, కొత్తిమీర చల్లి, నిమ్మకాయ పిండి, కాస్త కారం పచ్చడి వేసి మడిచి ఇస్తారు. మూడు నాలుగు ముద్దల్లో అయిపోతుంది. ఆ పేరు గనుల్లోంచి వచ్చిందని మెక్సికో ఆహార చరిత్ర రాసిన జెఫ్రీ పిల్చర్‌ అంటారు. 18వ శతాబ్దంలో వెండి గనుల్లో రాళ్లు పేల్చడానికి కాగితంలో చుట్టిన మందుగుండును టాకో అనేవారట. రొట్టెలో చుట్టిన కారంకారం కూర కూడా అలాగే పేలిందేమో!

వేళను బట్టి వంట

కొత్తవాళ్లు చేసే మొదటి పొరపాటు... ఏ టాకో అయినా ఎప్పుడైనా తినొచ్చనుకోవడం. మన దగ్గర రాత్రి పదకొండింటికి పెసరట్టు ఉప్మా కోసం వెతికితే ఎలా ఉంటుంది? పొద్దున్నే మిర్చిబజ్జీ బండి కోసం తిరిగితే? అక్కడా అంతే. గుంటలో రాత్రంతా ఉడికించిన ‘బార్బకోవా’ శని, ఆదివారాల పొద్దుటి తిండి. పందికొవ్వులో వేయించిన ‘కార్నీతాస్‌’ మధ్యాహ్నం లోపు తినాలి. బుట్టలో పేర్చి సైకిల్‌ మీద తెచ్చి అమ్మే టాకోలూ పొద్దుటివే. చేప టాకోలు పగటివేళవి.

మరి రాత్రి? రాత్రికి రెండు రకాలు రాజ్యమేలుతాయి. ఒకటి ‘అల్‌ పస్తోర్‌’. నిలువు శూలానికి గుచ్చి మంట ముందు తిప్పుతూ కాల్చే పంది మాంసం. రెండోది ‘సువాదేరో’. గుండ్రటి పెద్ద పళ్లెంలో కొవ్వులో మెల్లగా ఉడుకుతుండే గొడ్డుమాంసం. రెండూ సాయంత్రం సిద్ధమై, రాత్రి గిరాకీతో అయిపోయేవి. అర్ధరాత్రి దాటాక కూడా పొద్దుటి రకాలన్నీ దొరుకుతాయని చెప్పే కొట్టు కనిపిస్తే ఒక్క క్షణం ఆలోచించాల్సిందే. అవి ఎప్పుడు వండినవో!

బొంగరం చెప్పే కబురు

అల్‌ పస్తోర్‌ శూలాన్ని ‘ట్రోంపో’ అంటారు. అంటే బొంగరం. పైన వెడల్పుగా, కింద సన్నగా అచ్చం అలాగే ఉంటుంది. ఎండుమిరపకాయలు, జాఫ్రా గింజల ముద్ద పట్టించిన పల్చటి మాంసం ముక్కల్ని ఒకదానిమీద ఒకటి పేరుస్తారు. చాలాచోట్ల పైన ఓ అనాసపండు గుచ్చుతారు. కత్తితో మాంసాన్ని చెక్కుతూ, పైనున్న అనాస ముక్కను ఎగరేసి అదే రొట్టెలో పట్టుకునే వంటవాడి చేతివాటం చూడ్డానికే కొందరు నిలబడిపోతారు.

ఇది ఎక్కడో చూసినట్టుందే అనిపిస్తోందా? నిజమే. హైదరాబాద్‌ వీధుల్లో తిరిగే షవర్మాకు ఇది దాయాది! 19వ శతాబ్దం చివర్లో, 20వ శతాబ్దం మొదట్లో లెబనాన్‌ ప్రాంతం నుంచి మెక్సికోకి వలస వెళ్లినవాళ్లు నిలువు శూలాన్ని వెంట తీసుకెళ్లారు. ప్యూబ్లా నగరంలో దాన్ని అరబ్బు రొట్టెలో పెట్టి ‘టాకో ఆరబే’ పేరుతో అమ్మారు. తర్వాతి తరం గొర్రెమాంసం బదులు పంది మాంసం తెచ్చింది. మిరపకాయ చేర్చింది. గోధుమరొట్టె స్థానంలో మొక్కజొన్న రొట్టె వచ్చింది. అల్‌ పస్తోర్‌ అంటే గొర్రెల కాపరి పద్ధతి అని అర్థం. గొర్రె పోయింది, కాపరి పేరు మాత్రం మిగిలింది!

ఈ బొంగరాన్ని చూస్తే కొట్టు సంగతి సగం తెలిసిపోతుంది. మంట వెలుగుతూ ఉండాలి. పైపొర ఎర్రగా కాలి అంచులు కాస్త నల్లబడాలి. కాలిన పొరనే కాగితంలా పల్చగా చెక్కాలి. గిరాకీ ఎక్కువై లోపలి పచ్చిపొర దాకా కత్తి దిగితే, ఆ ముక్కల్ని పెనం మీద మళ్లీ కాల్చి ఇస్తున్నారో లేదో గమనించాలి. మంట ఆర్పేసి, గోరువెచ్చటి మాంసం అలా వేలాడుతుంటే... పక్క కొట్టుకి వెళ్లడం మేలు. రాత్రి పొద్దుపోయేకొద్దీ బొంగరం చిక్కిపోవడం మంచి గుర్తు. ‘అయిపోయింది, రేపు రండి’ అన్న కొట్టును తిట్టుకోనక్కర్లేదు. రేపు కచ్చితంగా వెళ్లాల్సింది అక్కడికే.

రొట్టెలోనే ఉంది రహస్యం

మాంసం సంగతి సరే. రొట్టె బాగోలేకపోతే ఎంత మంచి టాకో అయినా దండగే. మంచి టోర్టియా మడిస్తే విరగదు. ఆవిరిలో మెత్తబడి చిరగదు. దానిమీద గోధుమరంగు మచ్చలుంటాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే మొక్కజొన్న వాసనతో పాటు సన్నగా సున్నపు వాసన వస్తుంది.

సున్నమేంటి అంటారా? అక్కడే ఉంది కిటుకు. మొక్కజొన్న గింజల్ని సున్నపు నీళ్లలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, కడిగి, రుబ్బుతారు. మూడువేల ఏళ్లకు పైగా వస్తున్న పద్ధతి ఇది. దీనివల్ల పొట్టు ఊడుతుంది, పిండికి జిగురొస్తుంది. అన్నిటికంటే ముఖ్యం... గింజలో బందీగా ఉన్న నియాసిన్‌ అనే విటమిన్‌ ఒంటికి పడుతుంది. మొక్కజొన్నను తీసుకెళ్లిన ఇతర దేశాలు ఈ పద్ధతిని పట్టుకెళ్లలేదు. ఫలితంగా దానిమీదే బతికిన ఐరోపా పేదలూ, అమెరికా దక్షిణాది పేదలూ పెలాగ్రా వ్యాధితో వేలమంది చనిపోయారు. మన నేలకీ ఈ కథతో సంబంధం ఉంది. జొన్నే ప్రధానాహారమైన దక్కన్‌ పేదల్లోనూ పెలాగ్రా కనిపించేది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్‌ సి.గోపాలన్‌ బృందం 1960ల్లో దాని కారణాల మీద లోతుగా పరిశోధించింది. ఒక రొట్టె వెనక ఇంత కథ!

కొట్టులోనే పిండి ముద్దలు ఒత్తి కాలుస్తుంటే అదృష్టమే. అలా లేకపోయినా బెంగ లేదు. ఆ పేటలోని టోర్టియా దుకాణం నుంచి రోజూ తెచ్చి, గుడ్డలో చుట్టి ఉంచేవీ బాగుంటాయి. వాటిని పెనం మీద సరిగ్గా వేడిచేసి ఇస్తున్నారా లేదా అన్నదే చూసుకోవాలి.

నాలుగే రకాలు... ఓ మిషెలిన్‌ నక్షత్రం

గోడంతా నిండిపోయే మెనూ చూస్తే మనకు సంబరం. టాకో ప్రియులకు మాత్రం అనుమానం. ముప్ఫై రకాలు అమ్మే చిన్న కొట్టులో అన్నీ తాజాగా ఎలా ఉంటాయని వాళ్ల లెక్క. ఆ లెక్క తప్పు కాదని 2024 మేలో ప్రపంచానికంతా తెలిసింది. మెక్సికో సిటీలోని సాన్‌ రఫాయెల్‌ పేటలో ‘ఎల్‌ కలీఫా దె లియోన్‌’ అనే కొట్టుంది. 1968 నుంచీ నడుస్తోంది. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. అంతే! తినేవాళ్లు నిలబడే తినాలి. అమ్మేది నాలుగే నాలుగు టాకోలు. మహా మహా రెస్టారెంట్లు కలలుగనే మిషెలిన్‌ నక్షత్రం ఈ కొట్టుకి దక్కింది. ఒక మెక్సికన్‌ టాకో కొట్టుకి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి.

అక్కడి పేరున్న రకం ‘గావోనేరా’. రొడోల్ఫో గావోనా అనే ఎద్దుపోరు వీరుడి పేరు పెట్టారు దానికి. పల్చగా కోసిన మాంసం, ఉప్పు, నిమ్మరసం... పెనం మీద ఒక్క క్షణం కాల్చి, అప్పుడే ఒత్తిన రొట్టెలో పెడతారు. ఇంకేమీ ఉండదు. ఏది చేసినా బాగా చేయడమే ఆ నక్షత్రం వెనక సంగతి.

పచ్చడి గిన్నె దగ్గర జాగ్రత్త

రోడ్డు పక్కన తింటే మాంసమే కడుపు పాడుచేస్తుందని చాలామంది భయం. కళ్లెదుటే భగభగ కాలిన మాంసంకంటే చల్లగా గిన్నెల్లో ఉండే సాల్సాలతోనే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. సాల్సా అంటే టమాటా, పచ్చిమిర్చి, ఉల్లిలాంటి వాటితో చేసే రోటిపచ్చడిలాంటిది. గ్వాదలహారా, హ్యూస్టన్‌ నగరాల రెస్టారెంట్లలోని సాల్సాలను పరీక్షించి 2002లో ఒక అధ్యయనం ప్రచురించారు. రెండు చోట్లా ఇ.కోలి బ్యాక్టీరియా కనిపించింది. ఈ జాగ్రత్త మనకీ కొత్తేమీ కాదు. పచ్చి గుడ్లతో చేసే మయొనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో ఏడాదిపాటు నిషేధించింది. అప్పుడూ అనుమానం ప్రధానంగా పక్కన వడ్డించే తెల్లటి సాస్‌ మీదే కదా.

కాబట్టి చూసుకోవాల్సినవి ఇవి. పచ్చడి గిన్నెలు మంచు మీదో, ఫ్రిజ్‌లోంచి తెచ్చినవో అయితే మంచిది. చిన్న గిన్నెల్లో పెట్టి, అయిపోగానే కొత్తవి తేవాలి. మూత ఉండాలి. కాలిఫోర్నియా నిబంధనల ప్రకారం వేడిగా ఉంచాల్సిన తిండి కనీసం 57 డిగ్రీల సెల్సియస్‌ వేడిలో, చల్లగా ఉంచాల్సినది 5 డిగ్రీల లోపు ఉండాలి. థర్మామీటరు మన దగ్గర ఉండదు. కానీ పొగలు కక్కుతోందా, చేతికి చల్లగా తగులుతోందా అన్నది తెలుస్తుందిగా!

ఇంకొకటి... డబ్బు తీసుకునే చెయ్యీ, రొట్టె పట్టుకునే చెయ్యీ ఒకటే కాకూడదు. మంచి కొట్లలో గల్లా దగ్గర వేరే మనిషి ఉంటారు. మెక్సికో సిటీ బండ్ల మీద ప్లేట్లకు పల్చటి ప్లాస్టిక్‌ సంచి తొడిగి ఇస్తారు. ఒకరు తిన్నాక సంచి తీసేసి కొత్తది తొడుగుతారు. నీళ్లకు కటకటగా ఉండే నగరంలో అదో ఉపాయం.

ఇక వరుస. ఎంత పొడవుందన్నది ఒక్కటే కాదు, అందులో ఎవరున్నారన్నదీ చూడాలి. టాక్సీవాళ్లు, ఆసుపత్రి సిబ్బంది, బ్యాండు మేళం వాళ్లు, కాపలాదారులు... రోజూ ఆ వేళకు అక్కడే తినేవాళ్లు ఉన్నారంటే నిశ్చింతగా నిలబడొచ్చు. రేపు డ్యూటీకి వెళ్లాల్సినవాళ్లు కడుపు పాడయ్యే చోట తినరు మరి!

బండి నిలబడడమే ఓ పోరాటం

అమెరికాలో రాత్రి టాకోలకు రాజధాని లాస్‌ ఏంజెలెస్‌. 1974లో రౌల్‌ మార్టినెజ్‌ అనే వలసజీవి ఓ పాత ఐస్‌క్రీమ్‌ బండిని టాకో బండిగా మార్చి, రాత్రిళ్లు ఓ బారు ముందు ఆపి అమ్మడం మొదలుపెట్టారు. అదే ‘కింగ్‌ టాకో’గా ఎదిగింది. 2008 నవంబరులో రాయ్‌ చోయ్‌ బృందం కొరియా మాంసాన్ని మెక్సికో రొట్టెలో పెట్టి ‘కోగీ’ బండి నడిపింది. ఈ రాత్రి ఎక్కడ ఆగుతున్నామో ట్విటర్‌లో చెబితే జనం వెతుక్కుంటూ వచ్చేవారు.

ఎంచుకోవడం అక్కడ ఓ రకంగా తేలిక. 1998 నుంచి ఆ కౌంటీలో తనిఖీ అధికారులు రెస్టారెంట్లకు మార్కులు వేసి, ఎ, బి, సి అని పెద్ద అక్షరం కార్డు మీద ముద్రించి గుమ్మం దగ్గర పెట్టిస్తున్నారు. తర్వాత బండ్లకూ ఆ పద్ధతి వచ్చింది. 90, ఆపైన మార్కులొస్తే ఎ. నిలబడే ముందు ఆ కార్డు మీద ఓ చూపు వేస్తే సరి.

అయితే ఆ బండి అక్కడ నిలబడడం మాత్రం అంత తేలిక కాదు. 2008లో ఒకేచోట గంటకు మించి ఆగితే వెయ్యి డాలర్ల జరిమానా లేదా ఆర్నెల్ల జైలు అంటూ కౌంటీ నిబంధన తెచ్చింది. ‘మాంసం కాల్చడం నేరం కాదు’ అంటూ బండ్లవాళ్లూ తినేవాళ్లూ కలిసి ఉద్యమించారు. ఆ ఏడాదే కోర్టు దాన్ని కొట్టేసింది. ఫుట్‌పాత్‌ మీద అమ్ముకోవడం నేరం కాదంటూ 2018లో రాష్ట్రం చట్టం చేసింది. 2025 జూన్‌లో వలసదారుల కోసం ఆ నగరంలో పెద్దఎత్తున దాడులు జరిగినప్పుడు మళ్లీ కష్టం వచ్చింది. ఎన్నో మూలల్లో బొంగరాలు మాయమయ్యాయి. బండి బయటికి తీయడానికి భయపడి ఇంట్లో ఉండిపోయినవాళ్లకు అద్దె కట్టుకునేందుకు స్వచ్ఛంద సంస్థలు చందాలు పోగుచేశాయి. రోజూ కనిపించే బండి ఓ రాత్రి కనిపించకపోతే, దాని వెనక ఓ కుటుంబం బతుకు ఆగిందన్నమాటే.

మనవాళ్లు వెళ్తే...

చదువుకనో ఉద్యోగానికనో అమెరికా వెళ్లిన తెలుగు పిల్లలకూ, వాళ్లను చూడ్డానికి వెళ్లే అమ్మానాన్నలకూ టాకోల రుచి పరాయిదేం కాదు. కారం, కొత్తిమీర, ఉల్లి, నిమ్మకాయ... అన్నీ మనింట్లోవే. మాటకొస్తే మన మిరపకాయ, టమాటా, మొక్కజొన్న అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. సపోటా అన్న మాటే మెక్సికో ప్రాచీన భాష నవాత్ల్‌ నుంచి స్పానిష్‌ మీదుగా మన ఊళ్లకొచ్చింది.

చిక్కల్లా ఏ మాంసమో తెలియక తినేయడంతోనే. కొన్ని మాటలు గుర్తుంచుకుంటే చాలు. రెస్‌, బిస్తెక్‌, సువాదేరో అంటే గొడ్డుమాంసం. పుయెర్కో, సెర్దో అంటే పంది మాంసం. అల్‌ పస్తోర్‌ సాధారణంగా పందిదే. పోయో అంటే కోడి. లెంగ్వా నాలుక, త్రీపా పేగులు. శాకాహారులు ‘కార్నె వద్దు’ అంటే సరిపోదు. అక్కడ చాలామందికి కార్నె అంటే గొడ్డుమాంసమే. కోడిమాంసం పెట్టి నవ్వుతూ ఇచ్చేస్తారు! కోడి కూడా వద్దని విడిగా చెప్పాలి. బీన్స్‌ చాలాచోట్ల ‘మాంటెకా’తో, అంటే పందికొవ్వుతో వండుతారు. గోధుమ టోర్టియాలోనూ అది ఉండొచ్చు. మొక్కజొన్న రొట్టెలో మామూలుగా ఉండదు.

శాకాహారులకు ఏమీ దొరకవనుకోవద్దు. నోపాలెస్‌ అంటే ముళ్లు తీసి కాల్చిన నాగజెముడు మట్టలు. మన చేలగట్ల మీద పెరిగే మొక్కే అక్కడ కూర! పుట్టగొడుగులు, గుమ్మడిపూలు, కాల్చిన మిరపకాయ చీలికలు, చీజ్‌ పెట్టిన కెసడీయా ఉంటాయి. అన్నిటికీ ఒకటే పెనం వాడతారని మాత్రం మరిచిపోకూడదు. పట్టింపు గట్టిగా ఉన్నవాళ్లు ముందే అడిగి తెలుసుకోవాలి.

ఒకేసారి ఆరు చెప్పేసి చల్లార్చుకోవడం కంటే రెండేసి చెప్పి వేడిగా తినడం అక్కడి పద్ధతి. పార్సిల్‌ కట్టించుకుంటే ఆవిరికి రొట్టె నానిపోతుంది. కాస్త ముందుకి వంగి తింటే చొక్కా మీద కారదు. పచ్చడి ముందు చుక్క వేసుకుని చూడాలి. ఆకుపచ్చది చప్పగా ఉంటుందనుకుని గరిటెడు వేసుకున్న గుంటూరువాళ్ల కళ్లల్లోనూ నీళ్లు తిరగొచ్చు!

అన్నట్టు, మెక్సికో సిటీలోని చాలా కొట్లలో డబ్బు తిన్నాకే ఇస్తారు. ఎవరు ఎన్ని తిన్నారో ఎవరూ రాసుకోరు. ‘ఎన్ని తిన్నారు?’ అని అడుగుతారు. తిన్నవాళ్లు చెప్పిందే లెక్క. వంటంతా మీ కళ్ల ముందే చేసినవాడు, మీ మాట నమ్మి డబ్బు తీసుకుంటాడు. అర్ధరాత్రి ఆకలి వేళ ఆగాల్సింది అలాంటి కొట్టు ముందే. నాలుగు తిని మూడని మాత్రం చెప్పకండేం!